గంగులమ్మ చేతి కుంకుమ

మా పెద్దత్త గంగులమ్మకు అరవై దాటినా ముఖం మీద ముడత లేదు. నగరిలో మా నేతవీధి మొత్తానికి ఈ సంగతి తెలుసు. "ఏం రాసుకుంటావు గంగులమ్మా?" అని అడగని ఆడది లేదు. అడిగేది మాత్రం పెరటి గోడ మీది నుంచే. పొద్దున్నే వీధిలో ఆమె ఎదురొస్తే అదే ఆడవాళ్లు ఇంట్లోకి వెనక్కి తిరిగి, గుక్కెడు నీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరేవాళ్లు. ఆమె విధవ కదా. ఆమె చర్మంలాంటి చర్మం కావాలి, ఆమె మాత్రం ఎదురు రాకూడదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది. కోపం చల్లారాక రాద్దామని ఇన్నేళ్లు ఊరుకున్నాను. అది చల్లారేది కాదని తెలిసిపోయింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నా పేరు పంకజాక్షి. డెబ్బై నాలుగులో సత్యవేడు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా అత్త మునిలక్ష్మి, మామ మునివెంకటప్ప, నా మొగుడు ఏకాంబరం, రెండు మగ్గాలు. గంగులమ్మ మా అత్తకు తోడబుట్టిన అక్క. మామ ఇల్లరికం వచ్చినవాడు కాబట్టి అది అక్కచెల్లెళ్లిద్దరి పుట్టిల్లే. గంగులమ్మను పద్నాలుగో ఏట పూతలపట్టులో ఇచ్చారట. పంతొమ్మిదో ఏట మొగుడు జ్వరంతో పోతే తిరిగొచ్చింది. అప్పటి నుంచి వెనక పంచలో ఒక చాప, ఒక ట్రంకు పెట్టె, ఒక తిరగలి. నలభై ఏళ్లుగా ఆమె సంసారం అంతే. కూర్చుని తిన్నది కూడా కాదు. పొద్దున కండెలు చుట్టేది, పడుగుకు గంజి పట్టేది, మధ్యాహ్నం తిరగలి ముందు కూర్చునేది.

ఆ తిరగలిలోంచే ఊళ్లో పెళ్లికూతుళ్లందరికీ కళ వచ్చేది. పెసలు, శనగపప్పు, నీడన ఎండబెట్టిన తంగేడు పూలు, నారింజ తొక్కలు, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేర్లు, ఒక్కొక్కటీ విడిగా విసిరి, పలచటి గుడ్డలో జల్లించి కలిపేది. ఏ ఇంట్లో పెళ్లయినా నలుగుపిండి గంగులమ్మదే. ఆ పిండి ముందురోజే వెనకదారిన వెళ్లిపోయేది. గంగులమ్మ వెళ్లేది కాదు. నలుగు పెట్టేచోట విధవ నీడ పడకూడదట. ఆమె విసిరిన పిండి పెళ్లికూతురి బుగ్గకూ మెడకూ అంటవచ్చు, ఆమె చెయ్యి అంటకూడదు. కొత్తలో ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఇట్లాంటోళ్లకు పిండి ఎందుకిస్తావు పెద్దత్తా?"

"పెండ్లికూతురు ఏం తప్పు చేసింది మ్మే?" అంది, తిరగలి ఆపకుండానే.

ఆమె ముఖంలోని రహస్యం నాకు తెలుసు. ఐదారేళ్లు పక్కనుండి చూశాను. రహస్యమే లేదు. తెల్లారకముందే లేచి చెంబెడు నీళ్లు తాగేది. పొద్దున రాత్రి మిగిలిన సంగటి మజ్జిగలో పిసుక్కుని, ఉల్లిపాయ నంజుకుని తాగేది. మధ్యాహ్నం రాగిసంగటిలోకి ఏదో ఒక ఆకు ఉండాల్సిందే. మునగాకో, గట్ల మీద గిల్లుకొచ్చిన చెంచలాకో పప్పులో వేసేది. సాయంత్రం గుప్పెడు నువ్వులో చెనిక్కాయలో, బెల్లం ముక్కతో. పొద్దుగూకేలోపల తిండి ముగిసేది. శనివారం ఒంటికంతా నువ్వులనూనె పట్టించి సీకాయతో తలంటుకునేది. సబ్బు ముట్టుకునేది కాదు, జల్లెడలో మిగిలిన నలుగు నూకే ఆమె సబ్బు. పదకొండు దాటాక ఎండలోకి పోవాల్సి వస్తే కొంగు నుదుటి దాకా లాక్కునేది. వక్కాకు లేదు, పొడుం లేదు.

ఎవరైనా గోడ మీది నుంచి మరీ పొగిడితే ఆమె చెప్పే జవాబు ఒకటే.

"నన్ను పెండ్లి బంతిలో కూర్చోబెట్టి లడ్లు, అప్పడాలు తినిపించినోళ్లు లేరు. ఎండనబడి ఊర్లు తిరగనీకి యాడికీ పిలిచినోళ్లు లేరు. మీరంతా కలిసి నా మొకాన్ని కాపాడినారు మ్మే!"

నవ్వుతూ అనేది. విన్నవాళ్లు కూడా నవ్వేవాళ్లు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

మా పెరట్లో కోళ్లకు నీళ్లు పోసే చిన్న రాతిరోలు ఉండేది. ఒకరోజు దాన్ని తోముతుంటే, అది కుంకుమ రోలని గంగులమ్మ చెప్పింది. వాళ్ల అవ్వ కాలంలో కుంకుమ ఇంట్లోనే చేసేవారట. పసుపు కొమ్ములను ముక్కలు చేసి, వెలిగారం, పటిక కలిపిన నిమ్మరసంలో నానబెట్టేవారట. లోపలిదాకా ఎర్రబడ్డాక నీడన ఆరబెట్టి, ఆ రోట్లో దంచి, రెండు చుక్కల నువ్వులనూనె వేసేవారట. అవ్వ ఆ పని నేర్పింది పెద్ద మనవరాలు గంగులమ్మకే. ఆమె తాళి తెగి తిరిగొచ్చిన వారంలోనే తల్లి ఆ రోలు ఎత్తుకెళ్లి పెరట్లో పడేసింది. విధవ దంచిన కుంకుమ ఎవరు పెట్టుకుంటారు? మునిలక్ష్మికి ఆ పని రాదు. అట్లా ఆ ఇంట్లో కుంకుమ చెయ్యడం ఆగిపోయి కొనడం మొదలైంది. అది ఆగకపోయి ఉంటే నాకు ఆ గతి పట్టేది కాదు. తలుచుకుంటే గిన్నెలు విసిరేయాలనిపిస్తుంది.

మొదట్లో తిరుత్తణి వైపు నుంచి ఒక ముసలామె గంపలో పసుపు, కుంకుమ తెచ్చేది. ఆమె కుంకుమ ఇటికరాయి రంగులో ఉండేది, చెమట పడితే కరిగి ముక్కు మీదికి కారేది. ఆమె రావడం మానేసింది. డెబ్బై ఏడులో కాబోలు, బజారులో దొరస్వామి అంగట్లోకి కొత్త కుంకుమ దిగింది. అమ్మవారి బొమ్మ వేసిన ప్లాస్టిక్ పొట్లం. ఎరుపంటే కళ్లు చెదిరే ఎరుపు. పొద్దున పెట్టుకుంటే పడుకునేదాకా చెదరదు. నూనె రాసి రుద్దితేనే పోతుంది.

"సూడమ్మా, సెమటకు కరగదు, నీళ్లకు పోదు. అసలైన సరుకు!" అనేవాడు దొరస్వామి.

వీధి వీధంతా దానికి మారింది. మేమేమో నూలుకు రంగులద్దే ఊళ్లోవాళ్లం. రంగు తొట్ల దగ్గర పనిచేసేవాళ్ల చేతులు ఎట్లా పగిలి పుండ్లు పడతాయో రోజూ చూసేవాళ్లం. నీళ్లకు పోని ఎరుపు పసుపు నుంచి రాదని మాకు తెలియాలి. సుద్దపొడిలో గుడ్డల రంగులాంటిదేదో కలిపారని మాలో ఒక్కరికీ తట్టలేదు. పొట్లం మీద అమ్మవారి బొమ్మ ఉంది, కళ్లకద్దుకుని పెట్టుకున్నాం.

ఆరు నెలలకు నొసట దురద మొదలైంది. ఏడాదికి బొట్టు పెట్టేచోట నలుపు తిరిగింది. డెబ్బై తొమ్మిది సంక్రాంతికి ఆ నలుపు మధ్య మినపగింజంత తెల్లమచ్చ కనిపించింది. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. మచ్చ కనబడకుండా బొట్టు పెద్దది చేశాను. మచ్చ పెరిగింది, నేను బొట్టు ఇంకా పెంచాను. శనగగింజంత బొట్టు ఆఖరికి రూపాయి బిళ్లంత అయింది. గుళ్లో ముత్తయిదువలు నన్ను చూపించి, "పంకజ బొట్టు సూడండి, అమ్మోరు మాదిరి ఉండాది" అని మెచ్చుకున్నారు. మా అత్త మురిసిపోయింది. నన్ను తినేస్తున్న దాన్నే రోజూ రెండు పూటలా నేనే పూసుకుంటున్నాను. పూయకుండా ఉండమని ఎవరైనా చెప్పినా వినేదాన్ని కాదేమో. మొగుడు బతికుండగా బోసి నొసలుతో తిరిగే ఆడది మా వీధిలో లేదు.

ఆ జూన్ నెలలో మా అత్త తరఫు వాళ్లింట్లో శ్రీమంతం జరిగింది. ఇరుకిల్లు, ఉక్కపోత. వడ్డిస్తూ వడ్డిస్తూ నూనె అంటిన కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకున్నాను. బంతిలో ఒకామె చెయ్యి కంచం మీదే ఆగిపోయింది.

"ఏందిమే, నీ నొసల్న తెల్లగా?"

బంతి మొత్తం తలెత్తింది. నేను వడ్డించిన అన్నం ఇద్దరు పక్కకు తోసేశారు. సాయంత్రానికి వీధిలో మాట ఖాయమైపోయింది, పంకజకు బొల్లి. బొల్లి అంటుకునే జబ్బు కాదని ఈరోజు చదువుకున్న పిల్లలు చెప్తున్నారు. ఆరోజు చెప్పేవాళ్లూ లేరు, చెప్పినా వినేవాళ్లూ లేరు.

మర్నాటి నుంచి నా కంచం వేరు, నా చెంబు వేరు. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అది కూడా ఓర్చుకునేదాన్ని. పది నెలల నా బిడ్డను ఒళ్లోంచి లాక్కుంది మా అత్త. "నీ పాలు తాగితే దానికీ వస్తాది" అంది. బిడ్డ నడవలో గుక్కపట్టి ఏడుస్తుంటే నా రవిక తడిసిపోయేది. నా మొగుడు ఏకాంబరం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని తలవంచుకుని నేస్తూనే ఉన్నాడు. అడిగితే, "అమ్మ చెప్పేది కూడా ఆలోచించాల గదా" అన్నాడు. ఆ మాటకు నేను ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు, ఆయనకు కూడా తెలుసు. ఆ రోజుల్లో బిడ్డను చంకనేసుకుని వెనక పంచలోకి తెచ్చి నా ఒళ్లో పెట్టింది గంగులమ్మ ఒక్కతే. "తాగనీ. ఎవురొస్తారో నేను సూస్తా" అని గుమ్మానికి అడ్డంగా కూర్చునేది.

మా అత్త సత్యవేడుకు జాబు రాయించింది. "మీ బిడ్డకు బొల్లి ఉండాది. దాచిపెట్టి మా పిల్లోడికి ఇచ్చినారు. ఆడికృత్తిక అయినాక వచ్చి పిలుచుకొని పోండి. చంటిది ఈడనే ఉంటాది." వడమాలపేటలో ఏకాంబరానికి ఇంకో పిల్లను చూసిపెట్టారని పక్కింటామె గోడ మీది నుంచి నాకు చెప్పింది. జాలిపడి చెప్పిందో, వేడుక చూడ్డానికి చెప్పిందో తెలియదు. ఆడికృత్తికంటే తిరుత్తణి స్వామి పండగ, దానికి నాకు మిగిలింది మూడు వారాలు. ఆలోగా మచ్చ పోవాలి, లేకపోతే నా ఇల్లూ పోతుంది, నా బిడ్డా పోతుంది.

భయంలో బుద్ధి పనిచెయ్యదు. గంగులమ్మ ట్రంకు పెట్టెలో బావంచాల విత్తనాలు ఉండేవి. తెల్లమచ్చలకు మందని ఎక్కడో విన్నాను. చెప్పకుండా తీసి, నిమ్మరసంతో నూరి నొసటికి పట్టించి, మిద్దె మీద ఎండలో నిలబడ్డాను. మర్నాటికి నొసలంతా బొబ్బలు. గంగులమ్మ చూసి చెయ్యెత్తింది, కొట్టబోయి ఆగింది.

"ఆకూ విత్తనమూ అయితే సాలు, అంతా అమృతం అనుకుంటివా? అది రాసుకొని ఎండలో నిలబడితే కాల్సేస్తాది. తెలిసిన వైద్దిగుడు మనిషిని సూసి ఇచ్చే మందు అది. నన్నొక మాట అడిగితే నీ నోరు పడిపోయేదా?"

చల్లనీళ్లలో తడిపిన పాత పంచెగుడ్డ నొసట వేసింది. బొబ్బలు చిదమనివ్వలేదు. బొబ్బలు అణిగాక కొబ్బరినూనె తప్ప ఏదీ రాయనివ్వలేదు. ఆ రోజుల్లో నా నొసలు మీద బొట్టు పెట్టే సందు లేదు. గంగులమ్మ ఒక్కొక్కరోజూ నా ముఖాన్ని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసేది.

తర్వాత ఆమె ఒక విచిత్రమైన పని చేసింది. ఎవరికీ ఎదురు పడకూడదని ఎప్పుడూ అందరికన్నా ఆఖరున కొళాయికి పోయే మనిషి, నాలుగు రోజులు వరసగా అందరికన్నా ముందు పోయి కొళాయి పక్కన నిలబడింది. పొద్దున్నే ఈమె ముఖం చూడాల్సి వచ్చిందని ఆడవాళ్లు గొణిగారు, ఒకామె బిందె కింద పెట్టి కసురుకుంది. ఈమె కదల్లేదు. నాలుగో రోజు వచ్చి నా ముందు కూర్చుంది.

"ముకం కడుక్కొని, ఇంకా బొట్టు పెట్టుకోకముందు వస్తారు గదా, ఆ నొసళ్లు సూసినా. ముత్తయిదువలు పద్నాలుగు మంది. తొమ్మిది మందికి నల్లగా తిరిగుండాది. ఇద్దరికి అంచు తెల్లబడతా ఉండాది. నా మాదిరి ముండమోపులు నలుగురం, బొట్టు పెట్టని ఆ చర్చి టీచరమ్మ, మా అందరికీ తేటగా ఉండాది. పంకజా, నీది బొల్లి కాదు మ్మే. బొల్లి అయితే ఊర్లో ఆడోళ్లందరికీ బొట్టు పెట్టే సోటే ఎతుక్కొని వస్తాదా?"

ఆమె ట్రంకు పెట్టెలోంచి ఒక తెల్లగుడ్డ తీసింది. దొరస్వామి కుంకుమను నీళ్లలో కలిపి ఆ గుడ్డ ముంచిందట. మూడుసార్లు ఉడకబెట్టి, రెండు రోజులు ఎండలో వేసినా ఆ ఎరుపు వదల్లేదు.

"పసుపయితే ఎండకు తెల్లారిపోతాది. ఇది నూలుకేసే రంగు. నేసే జాతిలో పుట్టి మనం దీన్ని నొసల్న పెట్టుకొన్యాం" అంది. అంత కోపం ఆమె గొంతులో నేను అంతకుముందు వినలేదు.

ఆడికృత్తిక మర్నాడు మా నాయన వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డసంచి, ఏ తప్పూ చెయ్యకుండానే తప్పు చేసినవాడి ముఖం. అరుగు మీద ఒక చివర కూర్చున్నాడు, కాఫీ ఇస్తే పక్కన పెట్టుకున్నాడు. మా మామ ఇంకో చివర కూర్చుని వక్కాకు నములుతున్నాడు. నలుగురైదుగురు ఆడవాళ్లు ఏదో పనున్నట్టు మా వాకిట్లో చేరారు. మా అత్త నా బట్టలు మూటగట్టి తెచ్చి అరుగు మీద పెట్టింది. తలంటుకుని, నొసట నా పాత బొట్టుకు రెండింతల బొట్టు పెట్టుకుని ఉంది.

"మీ బిడ్డను పిలుచుకొని పో అన్నా. మా ఇంటికి ఈ రోగం వొద్దు" అంది.

అప్పుడు గంగులమ్మ వీధి గుమ్మంలోంచి బయటికి వచ్చింది. నలభై ఏళ్లలో చుట్టాలున్నప్పుడు ఆమె ఆ గుమ్మం దాటడం ఎవరూ చూడలేదు. చేతిలో కొబ్బరినూనెలో ముంచిన గుడ్డ ఉంది. నేరుగా చెల్లెలి దగ్గరికి పోయి, ఎడమచేత్తో ఆమె తల వెనక పట్టుకుని, కుడిచేత్తో బొట్టు తుడిచేసింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు, అట్టుచట్టి తుడిచినట్టు తుడిచింది.

వాకిట్లో ఒకామె కేక పెట్టింది. మొగుడు ఎదురుగా ఉండగా ముత్తయిదువ బొట్టును విధవ తుడిచేసింది! అంతకన్నా ఘోరం మా వీధి ఊహకు అందదు. మా అత్త, "అయ్యో, నా తాళి! నా తాళి తెంపేస్తా ఉండాది!" అని గుండెలు బాదుకుంది.

గంగులమ్మ అరుగు వైపు తిరిగింది.

"మునివెంకటప్పా, బతికే ఉండావా?"

మా మామ నోట్లో వక్కాకుతోనే లేచి నిలబడ్డాడు. "ఉండాను వదినా" అన్నాడు.

"సూసినారా? ఉండాడు. ఏం కాలే. ఇప్పుడందరూ దీని నొసలు సూడండి!"

అందరం చూశాం. మా అత్త నొసట అరచేయి నడిమంత నలుపు, దాని చుట్టూ తెల్లటి అంచు. నాకున్నదే, నాకన్నా పెద్దది. మా అత్తకు అది తెలుసు. రోజూ పొద్దున అద్దంలో చూసుకుని, దాని మీద బొట్టు పెట్టుకుని బయటికి వచ్చి నా కంచం వేరుచేసింది.

"నాకు... నాకు దీన్నించే అంటింది అక్కా" అని మా అత్త నన్ను చూపించింది. "దీన్ని పంపించేస్తే నాది ఆగిపోతాదని..."

"అయితే నిన్ను యాడికి పంపించాల మునీ? నీ నాయన యాడుండాడు వచ్చి పిలుచుకొని పోనీకి?" అని అడిగింది గంగులమ్మ. "తొమ్మిది మందికి ఉండాది ఈ వీధిలో. ఇదిగో, ఈడ నిలబడి సూస్తా ఉండారే, ఈళ్లలో ముగ్గురికి ఉండాది. తుడిచి సూపించమంటావా?"

వాకిట్లో ఆడవాళ్లు చేతులు నొసళ్లకు అడ్డం పెట్టుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. ఎరుపు పోని తెల్లగుడ్డను గంగులమ్మ మా నాయన ముందు పరిచి సంగతంతా చెప్పింది. మా నాయన కూడా నేసేవాడే. గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూసి, "ఇది రంగే" అన్నాడు. తర్వాత నా మూట ఎత్తి, తనే లోపలికి తీసుకెళ్లి పెట్టి, అప్పుడు కాఫీ తాగాడు.

తర్వాతి వారం ఏకాంబరం నన్నూ వాళ్ల అమ్మనూ తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అంతా తేలాక మొగతనం గుర్తొచ్చింది ఆయనకు. చర్మం డాక్టరు పొట్లం వాసన చూసి, మా ఇద్దరి నొసళ్లూ చూసి, "ఈ పొడి మానేయండి. ముఖానికి ఏదీ పూయకండి. నలుపు మెల్లగా తగ్గొచ్చు, తెలుపు సంగతి ఇప్పుడే చెప్పలేను, ఓపిక పట్టండి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు" అన్నాడు. గంగులమ్మ కొళాయి దగ్గర కనిపెట్టింది అదే.

ఓపిక పట్టడమంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఏడాదిన్నర నేను బోసి నొసలుతో తిరిగాను. మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగలేదు, కొంగు నుదుటి దాకా లాక్కునేదాన్ని. గంగులమ్మతో పాటు సంగటీ ఆకూ తిన్నాను, రాత్రి మగ్గం మానేసి పెందలాడే పడుకున్నాను. ఆమె నూనె తప్ప ఏదీ నా ముఖానికి తగలనివ్వలేదు. ఒంటికి ఆ తిండి మంచిదైంది, ముఖం తేటపడింది. దానివల్ల మచ్చ పోయిందని మాత్రం నేను చెప్పను, ఆమె కూడా చెప్పలేదు. "విషం ఆపితే ఒళ్లు తన పని తాను సేసుకొంటాది, మనం అడ్డం రాకుండా ఉంటే సాలు" అనేది. ఆ ఏడాదిన్నరలో నాకు తాంబూలం ఇచ్చినవాళ్లు ఇద్దరు. శుక్రవారం పేరంటానికి పిలిచినవాళ్లు లేరు. బస్సులో ఒక తెలియని ఆమె నా నొసలు చూసి, మెడలో తాళి చూసి, "మొగుడి మీద అంత కోపమా?" అని అడిగింది. ఉందని చెప్పాను.

దొరస్వామి అంగడికి కూడా వెళ్లాను. ఆ గుడ్డ అతని బల్ల మీద పరిచాను.

"ఊరంతా కొంటా ఉండాది మ్మే. నీకు పడలేదంటే నేనేం సేసేది?" అన్నాడు. నా కళ్ల ముందే ఇంకొకామెకు రెండు పొట్లాలు ఇచ్చాడు. వద్దని ఆమెకు చెప్పాను. ఆమె నా బోసి నొసలు చూసి మొహం తిప్పుకుని కొనుక్కుపోయింది. దొరస్వామి మీద ఎంత కోపం వచ్చిందో ఆమె మీదా అంతే వచ్చింది.

ఎనభై ఒకటి మొదట్లో నలుపు పోయింది. తెల్లమచ్చ ఆవగింజంత మిగిలింది, ఇప్పటికీ ఉంది. ఆ రోజు పెరట్లోకి పోయి కోళ్ల నీళ్లు పారబోసి, ఆ రాతిరోలును ఇసకతో, వేడినీళ్లతో తోమి తెచ్చి గంగులమ్మ ముందు పెట్టాను. ఆమె చాలాసేపు దాని అంచు నిమిరింది.

"నా సేత్తో వొద్దు మ్మే. నువ్వు దంచు, నేను సెప్తా" అంది.

"నీ చేత్తోనే దంచాల. లేదంటే నాకు బొట్టే వొద్దు" అన్నాను.

పసుపు కొమ్ములు నానాయి, ఎర్రబడ్డాయి, ఆరాయి. నలభై రెండేళ్ల తర్వాత ఆమె ఆ రోట్లో కుంకుమ దంచింది. మొదటి చిటికెడు నా మోచేతి మడతలో రాసి మూడు రోజులు ఆగి, దురద లేదని చూశాకే నా నొసట పెట్టనిచ్చింది. చిన్న బొట్టు, ఇటికరాయి రంగు.

సంగతి వీధికి పాకింది. నొసళ్లు మండుతున్న ఆడవాళ్లు పిల్లల చేతికి డబ్బీలిచ్చి వెనకదారిన పంపడం మొదలుపెట్టారు. నలుగుపిండికి చేసినట్టే. నేను ఆ డబ్బీలన్నీ ఖాళీగా తిప్పి పంపాను. కుంకుమ కావాలంటే వీధి గుమ్మం నుంచి రావాలి, గంగులమ్మ ముందు చెయ్యి చాపాలి, ఆమె చేత్తో వేస్తే తీసుకోవాలి. అది నేను పెట్టిన నియమం. "ఎందుకు మ్మే ఈ రచ్చ, ఇచ్చేయి" అంది గంగులమ్మ. ఇవ్వలేదు. మొదటి నెల ఒక్కరూ రాలేదు. రెండో నెల ఇద్దరు వచ్చారు. మిగిలినవాళ్లు దొరస్వామి పొట్లంతోనే నొసళ్లు కాల్చుకున్నారు, కాల్చుకోనీ అనుకున్నాను.

మా అత్త మునిలక్ష్మి అప్పటికి బోసి నొసలుతో ఇంట్లోంచి కదలడం మానేసింది. ఒక శుక్రవారం పొద్దున, వీధిలో అందరూ ముగ్గులు వేసే వేళ, అక్క అరుగు మీద కూర్చుని ఉంటే వచ్చి ఎదురుగా నిలబడింది. అరచేయి చాపింది.

"అక్కా, రవ్వంత..."

గంగులమ్మ గిన్నె మీద చెయ్యి తియ్యలేదు. "ఇది ఎవురు దంచింది మునీ?"

"నువ్వు."

"గట్టిగా సెప్పు. ఆ ఎదురింటికి ఇనబడల్ల."

ఎదురింటామె ముగ్గు ఆపి చూస్తోంది. "మా అక్క దంచింది" అంది మా అత్త, వీధి చివరిదాకా వినబడేట్టు. "మా అక్క గంగులమ్మ చేతి కుంకుమ!"

గంగులమ్మ గిన్నెలో వేళ్లు పెట్టి, చెల్లెలి అరచేతిలో వేసింది.

"సిటికెడు సాలు. అప్పడమంత పెట్టుకోవాకు" అంది.

మా అత్త అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చింది. గంగులమ్మ కళ్లు కూడా తడిశాయి. నేను ఏడవలేదు. నా బిడ్డ గుక్కపట్టి ఏడ్చిన ఆ నడవ నాకు ఎదురుగానే కనబడుతోంది. బిడ్డను చంకనెత్తుకుని, పొయ్యి మీద సంగటి మాడుతోందని లోపలికి వెళ్లిపోయాను.